తాడో పామో తేలేలోపు

షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో లూమిస్ వీధి దగ్గర రైలు పట్టాల పక్కనుంచి వెళ్ళే మనలో చాలామందికి అక్కడ జరిగిన పాత సంగతి తెలియదు. 1946 ఏప్రిల్ 25 మధ్యాహ్నం షికాగో నుంచి పడమటికి పోతున్న అడ్వాన్స్ ఫ్లయర్ అనే రైలు అక్కడ ఆగింది. బండి కింద నుంచి ఏదో ఎగిరి పడినట్టు సిబ్బందిలో ఒకరికి కనిపించింది, అదేమిటో చూద్దామని ఆపారు. అదే పట్టా మీద, కొద్ది నిమిషాల తేడాతో, ఎక్స్‌పొజిషన్ ఫ్లయర్ వెనకే వస్తోంది. అది వచ్చి ఆగి ఉన్న బండిని గుద్దింది. 45 మంది చనిపోయారు. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం గంటకు 80 మైళ్ళు, ఆపైన నడిచే రైళ్ళకు తమంతట తాము హెచ్చరించే లేదా ఆపే పరికరాలు ఉండి తీరాలని ఆదేశించింది. ఈ దేశంలో చాలా రైలు మార్గాల మీద 79 మైళ్ళ పరిమితి ఇప్పటికీ ఉందంటే దాని మూలం ఆ ఆదేశంలోనే ఉంది.

ఆ మధ్యాహ్నం వెనక రైలు నడిపే మనిషికి తెలియవలసినవి మూడే. ఎదుట ఏదో ఉంది. అది కదలడం లేదు. తను ఆగడానికి ఇంత చోటు మిగిలింది. అది ప్యాసింజరా, గూడ్సా, పట్టాల మీదికొచ్చిన పశువా అన్నది ఆ తరవాతి మాట.

ఇవాళ అదే ఊళ్ళో ఆగ్డెన్ అవెన్యూ మీద పోయే కొత్త కారు ఈ ప్రశ్నలనే సెకనుకు పది ఇరవైసార్లు వేసుకుంటోంది. ముందున్న అద్దం మీద కెమెరా, బంపర్ వెనక రాడార్, కొన్నింటికి పైకప్పు మీద లైడార్. ఇవి పంపే సమాచారంలోంచి రెండు సంగతులు తేల్చాలి. ఏ వస్తువు ఎక్కడుంది, ఎటు పోతోంది అన్నది ఒకటి, అదే ట్రాకింగ్. ఆ వస్తువు ఏమిటన్నది రెండోది, అదే వర్గీకరణ. ఈ రెండింటి మీదా అరవై ఏళ్ళకు పైబడిన పరిశోధన ఉంది. దాన్ని మొదటినుంచీ ఒకసారి తిరగేసి, ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ మనుషుల ప్రాణాల మీదికి తెచ్చిందో చెప్పడం ఈ వ్యాసం పని.

భ్రాంతికి మన పెద్దలు చెప్పే ఉదాహరణ తాడూ పామూ. మసకచీకట్లో తాడును చూసి పామనుకోవడం ఒక తప్పు. పామును చూసి తాడనుకోవడం ఇంకో తప్పు, అది ప్రాణం తీసే తప్పు. అయితే పొలం గట్టు మీద పొద్దుపోయాక నడిచే మనిషి ఈ రెండు తప్పుల మధ్య ఊగుతూ నడవడు. తాడో పామో తేలేలోపు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపుతాడు. అది కదిలిందా లేదా చూస్తాడు. పేరు పెట్టడం ఆలస్యమైనా దాని మీంచి చూపు తియ్యడు. ఈ రంగంలోని సాహిత్యమంతా చదివాక నాకు నిలిచిన అభిప్రాయం ఇదొక్కటే: వస్తువును వెంబడించడం దాని పేరు మీద ఆధారపడకూడదు. ఆధారపడ్డ ప్రతిచోటా దెబ్బ తగిలింది.

ముందు కారు ఇంద్రియాల సంగతి. కెమెరా మన కన్నులాంటిదే. రంగు చూస్తుంది, బోర్డు చదువుతుంది, ముందు కారు బ్రేకు దీపం వెలిగిందో లేదో చెబుతుంది. దూరం మాత్రం అంచనా వేసుకోవాల్సిందే, చీకట్లో ఆ అంచనా కూడా కుదరదు. లైడార్ కాంతి రేణువులను విసిరి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. ఒక నానోసెకను తేడా అంటే దూరంలో 15 సెంటీమీటర్ల తేడా. కాబట్టి దగ్గరి వస్తువుల ఆకారాన్ని చుక్కల ముగ్గులా గీసి చూపిస్తుంది. దూరంగా ఉన్న మనిషి మీద మాత్రం నాలుగైదు చుక్కలే పడతాయి. మంచు కురిసేటప్పుడు ఒక్కో మంచు రేకూ ఒక్కో చుక్క అవుతుంది.

రాడార్ కథ కొంచెం నిలబడి చెప్పుకోవాలి. కార్లలో వాడేది సుమారు 77 గిగాహెర్ట్జ్ తరంగం. వానా, పొగమంచూ, చీకటీ దాన్ని పెద్దగా అడ్డుకోలేవు. పైగా వేగాన్ని నేరుగా కొలుస్తుంది. మన ఊరి స్టేషన్లో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరికొచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, ఆ సూత్రమే. దాని బలహీనత పక్కవాటు కొలత. ఒక డిగ్రీ తేడా వంద మీటర్ల దూరంలో దాదాపు 1.75 మీటర్ల తేడా అవుతుంది. అంటే దాదాపు అర లేను. దూరాన ఆగి ఉన్న కారు మన లేనులో ఉందా పక్క లేనులో ఉందా అన్నది రాడార్ ఒక్కటే తేల్చలేదు.

అసలు చిక్కు కదలనివాటితో. మన కారు గంటకు 60 మైళ్ళ వేగంతో పోతుంటే వంతెన, మ్యాన్‌హోల్ మూత, రోడ్డు పక్క బోర్డు, లేనులో ఆగిపోయిన లారీ అన్నీ రాడార్‌కు అరవై మైళ్ళతో మీదికొస్తున్నట్టే కనిపిస్తాయి. ప్రతి వంతెన కిందా బ్రేకు పడితే ఆ కారును ఎవరూ కొనరు. అందుకని తొలితరం అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ వ్యవస్థలు నిలిచి ఉన్నవాటి ప్రతిధ్వనులను పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. తాడును చూసి బెదరకూడదన్న జాగ్రత్తతో పామును కూడా వదిలేశారన్నమాట. 2021 ఆగస్టులో అమెరికా రోడ్డు రవాణా భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ టెస్లా కార్ల మీద విచారణ మొదలుపెట్టింది. ప్రమాద స్థలాల్లో సాయం కోసం ఆగి ఉన్న అత్యవసర వాహనాలున్న చోట జరిగిన 11 ప్రమాదాలు అప్పటికి దాని దృష్టికి వచ్చాయి. మిరుమిట్లు గొలిపే దీపాలతో నిలబడ్డ బండి మనిషి కంటికి అన్నిటికంటే ముందు కనిపించే వస్తువు. అది కదలదు, రోజువారీ ట్రాఫిక్ ఆకారంలో ఉండదు. యంత్రానికి అదే కష్టం.

చలికాలం ఈ ఇంద్రియాలన్నింటికీ ఒకేసారి పరీక్ష పెడుతుంది. పోయిన జనవరిలో రూట్ 59 మీద పోతుంటే ముందు రాడార్ మూసుకుపోయిందని మా కారు డాష్‌బోర్డు మీద అక్షరాలు వెలిగాయి. రోడ్ల మీద చల్లిన ఉప్పు, కరిగిన మంచు కలిసి బంపర్ మీద బెరడు కట్టాయి. ఒక పార్కింగ్ స్థలంలో ఆపి చేతి తొడుగుతోనే తుడిచాను. కారు తనకు కనబడటం లేదని ఒప్పుకుంది, ఆ ఒప్పుకోలు చాలా విలువైనది. దాన్ని చూశాకే, కనబడకపోయినా కనబడుతున్నట్టు నడిపించే వ్యవస్థల గురించి చదవాలనిపించింది.

ఇక ట్రాకింగ్. దీన్ని ఒక్క మాటలో చెప్పాలంటే జ్ఞాపకం. ఒక్కో క్షణపు చిత్రానికి గతం లేదు. వాషింగ్టన్ వీధిలో ఆగి ఉన్న వ్యాను వెనక్కి ఒక కుర్రవాడు నడిచి మరుగయ్యాడు. చిత్రంలో వాడు లేడు. కానీ వాడు ఉన్నాడు, రెండు సెకన్లలో ఆ చివరన బయటికొస్తాడు. ఈ ఎరుక కారుకు ఇచ్చేది ట్రాకింగ్.

దీని పునాది 1960లో రుడాల్ఫ్ కాల్మన్ వేశాడు. ఆయన పద్ధతి పేరు విని భయపడేంత లోతైనదేమీ కాదు, మన ఇళ్ళలో రోజూ జరిగేదే. హన్మకొండలో బస్సెక్కిన అమ్మాయి ఈపాటికి జనగామ దాటి ఉంటుందని తండ్రి హైదరాబాదులో లెక్క వేసుకుంటాడు. ఇంతలో ఫోన్ వస్తుంది, ఆలేరు వచ్చేసిందని. బస్సు అనుకున్నదానికంటే వేగంగా వస్తోందన్నమాట. లెక్క సవరించుకుంటాడు. పూర్తిగా ఫోను మాటే నమ్మడు, అమ్మాయి నిద్రకళ్ళతో చూసి చెప్పి ఉండొచ్చు. పూర్తిగా తన లెక్కనే పట్టుకుని కూర్చోడు. దేన్ని ఎంత నమ్మాలో రెండింటి అనిశ్చితిని బట్టి తూకం వేస్తాడు. ఆ తూకాన్ని గణితంగా రాస్తే కాల్మన్ ఫిల్టర్. అపోలో నౌకల మార్గాన్ని లెక్కకట్టడంలోనూ వాడారు, ఇప్పుడు ముందు కారుతో దూరం పాటించడంలోనూ వాడుతున్నారు.

ఒకే వస్తువైతే ఇంతటితో సరిపోయేది. రోడ్డు మీద ముప్పై ఉంటాయి. కొత్తగా వచ్చిన ముప్పై కొలతల్లో ఏది ఏ పాత వస్తువుది? ఇక్కడ 1936లో కలకత్తాలో ప్రశాంత చంద్ర మహలనోబిస్ ప్రచురించిన దూరపు కొలత అక్కరకొస్తుంది. ఆయన దాన్ని కార్ల కోసం కనిపెట్టలేదు, మానవ సమూహాల శరీర కొలతలను పోల్చడానికి తయారుచేశాడు. దాని కిటుకు ఇది: రెండు బిందువుల మధ్య తేడాను మీటర్లలో కాకుండా, ఆ దిక్కులో మన కొలత ఎంత నమ్మదగినదన్న దానితో భాగించి చూడాలి. రాడార్ ముందువాటు దూరాన్ని చక్కగా కొలుస్తుంది, పక్కవాటు సరిగా కొలవదు. కాబట్టి ఒక మీటరు ముందు తేడా పెద్ద తేడా, ఒక మీటరు పక్క తేడా పెద్ద విషయం కాదు. వాహన ట్రాకింగ్ ప్రోగ్రాముల్లో చాలావాటిలో ఈ కొలతే ద్వారపాలకుడు. ఆ ద్వారం దాటిన కొలతలను పాత వస్తువులకు జతచేయడానికి 1955లో హెరాల్డ్ కూన్ వెలువరించిన హంగేరియన్ పద్ధతి ఉంది. పెళ్ళి పందిట్లో వంద మంది అతిథులకు వంద కుర్చీలు, అందరి నడకా కలిపి తక్కువయ్యేలా సర్దడం లాంటిది.

నాకు అన్నిటికంటే నచ్చింది 1979లో డొనాల్డ్ రీడ్ ప్రతిపాదించిన ఆలోచన. ఏ కొలత ఎవరిదో ఇప్పుడే తేల్చకండి, రెండు మూడు ఊహలను పక్కపక్కన బతకనివ్వండి, తరవాత వచ్చే సాక్ష్యం తప్పుడు ఊహను తనంతట తనే చంపేస్తుంది అన్నాడు. తీర్పును వాయిదా వేయడాన్ని ఒక విధానంగా నిలబెట్టాడు. లెక్కలు గుట్టలు గుట్టలుగా పెరుగుతాయని చాలాకాలం దీన్ని దూరం పెట్టారు. 2016లో సార్ట్ అనే పద్ధతి వచ్చి, కాల్మన్ ఫిల్టరూ హంగేరియన్ పద్ధతీ చాలు, వస్తువును గుర్తించే భాగం బాగుంటే ట్రాకింగ్ దానంతట అదే బాగుంటుందని చూపించింది. చాలామంది ఆ దారిన పోయారు. వేగం వచ్చింది. కానీ గుర్తించే భాగం ఒక క్షణం తడబడితే ట్రాకింగ్ కూడా తడబడే పరిస్థితీ దాంతోపాటే వచ్చింది.

ఇక్కడ తెలుగువారు తమదని చెప్పుకోదగ్గ పేరు ఒకటుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హడగలిలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామలలో బడి చదువు చదివి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు నేర్చుకుని, కలకత్తాలో మహలనోబిస్ దగ్గరికి చేరాడు. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబుగా మొదలైన ఆయన పరిశోధన 1945లో అచ్చయింది. చేతిలో ఉన్న కొలతల్లో ఇంత గజిబిజి ఉన్నప్పుడు, పక్షపాతం లేని ఏ పద్ధతి వాడినా అంచనాలో తప్పు ఇంతకంటే తగ్గదు అని హద్దు గీసింది ఆ వ్యాసం. దాన్ని క్రామెర్-రావ్ హద్దు అంటారు. రాడార్, ట్రాకింగ్ ఇంజనీర్లకు అది గీటురాయి. ప్రోగ్రాము ఆ హద్దుకు చేరువలో ఉంటే, ఇంకా తెలివైన ప్రోగ్రాము రాసి లాభం లేదు, మెరుగైన సెన్సర్ కొనాలి. హద్దుకు చాలా దూరంలో ఉంటే సెన్సర్‌ను తిట్టకూడదు.

ఆయన అంతటితో ఆగలేదు. 1948లో వెలువడిన మరో వ్యాసంలో, ఒక నమూనా రెండు గుంపుల్లో దేనికి చెందుతుందని గణాంకవేత్త ఫిషర్ వేసిన ప్రశ్నను అనేక గుంపులకు విస్తరించాడు. వర్గీకరణ శాస్త్రానికి అది మూలస్తంభాల్లో ఒకటి. ట్రాకింగ్ లెక్కలోనూ వర్గీకరణ లెక్కలోనూ ఒకే తెలుగు మనిషి చేయి ఉంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, నూట మూడో పుట్టినరోజుకు కొద్ది వారాల ముందు, అమెరికాలో కన్నుమూశాడు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఈ పేరును పరీక్ష కోసం కాక అభిమానంతో తెలుసుకోవాలని నా కోరిక.

వర్గీకరణ చరిత్రను క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే దాని గురించి అందరూ రాస్తూనే ఉన్నారు. 2005లో దలాల్, ట్రిగ్స్ చిత్రంలోని అంచుల దిశలను లెక్కబెట్టి పాదచారిని పట్టుకున్నారు. 2012 తరవాత లోతైన న్యూరల్ నెట్‌వర్కులు వచ్చి, అంచులు లెక్కబెట్టమని మనం చెప్పనక్కర్లేదని నిరూపించాయి. ఉదాహరణలు చాలినన్ని ఇస్తే అవే నేర్చుకుంటాయి. 2017లో పాయింట్‌నెట్ లైడార్ చుక్కల మీద కూడా ఇదే పని చేసింది. ఆ తరవాత కెమెరా, రాడార్, లైడార్‌లు చూసినదాన్నంతా పైనుంచి గద్ద చూసినట్టు ఒకే పటం మీద పరిచే పద్ధతులు వచ్చాయి.

అప్పటినుంచి ప్రశ్న మారిపోయింది. ఎలా నేర్చుకోవాలి అన్నది పోయి, ఎవరి ఉదాహరణలు చూసి నేర్చుకోవాలి అన్నది వచ్చింది. ఈ రంగంలో అందరూ తమ పద్ధతిని పోల్చిచూసుకునే తొలి పెద్ద కొలబద్ద 2012 నాటి కిట్టి. ఆ పేరులో ఒక సగం జర్మనీలోని కార్ల్స్‌రూహ్ సంస్థది, రెండో సగం మన పక్కనే షికాగోలో ఉన్న టొయోటా టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ది. ఒక ఫోక్స్‌వాగన్ పస్సాట్ మీద 64 లేజర్ల లైడార్, కెమెరాలు బిగించి కార్ల్స్‌రూహ్ వీధుల్లో తిప్పారు. అందులో కారు, వ్యాను, లారీ, పాదచారి, కూర్చున్న మనిషి, సైకిలిస్టు, ట్రామ్ ఉన్నాయి, మిగిలినవాటికి ఇతరాలు అనే గంప ఉంది. పద్ధతులకు మార్కులు వేసేది మాత్రం కారు, పాదచారి, సైకిలిస్టు మీదే. కొన్నేళ్ళపాటు ప్రపంచంలోని పరిశోధకులందరూ ఈ మూడింటిలో మార్కులు పెంచుకోవడానికే చెమటోడ్చారు. మార్కులు ఉన్న చోటికే పిల్లల చదువు పోయినట్టు, పరిశోధన కూడా అటే పోయింది.

ఆ జాబితాలో ఆటో లేదు. హైదరాబాదులో ఆటో లేని ఫొటో తీయడం కష్టం. ట్రిపుల్ ఐటీ హైదరాబాదులోని పరిశోధకులు గిరీశ్ వర్మ, అనూప్ నంబూద్రి, సి.వి. జవహర్, వేరే సంస్థలకు చెందిన అన్బుమణి సుబ్రమణియన్, మన్మోహన్ చంద్రాకర్ కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేసి 2019లో ప్రకటించారు. హైదరాబాదు, బెంగళూరు నగరాల్లోనూ వాటి శివార్లలోనూ 182 ప్రయాణాల్లోంచి తీసిన పదివేల చిత్రాలు, 34 రకాల గుర్తులు. ఆటో ఉంది, పశువులున్నాయి, బైకు వేరుగా బైకు మీది మనిషి వేరుగా ఉన్నారు. తారు రోడ్డు పక్కన బండి దిగి నడవగల మట్టి జాగాకు కూడా గుర్తు ఉంది. మన దగ్గర రోడ్డు ఎక్కడ ఆగి పక్క నేల ఎక్కడ మొదలవుతుందో చెప్పడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళు మాత్రమే చేయగల పని అది.

అయినా నేను ఆ డేటాసెట్‌ను మెచ్చుకునేది ఆటో కోసం కాదు, దాని అంచెల కోసం. గుర్తులను అంచెలుగా పేర్చారు. పైమెట్టులో ఏడే ఏడు. ప్రాణమున్నవి అన్నది ఒకటి, వాహనాలు అన్నది ఇంకొకటి, ఇలా. కిందికి దిగే కొద్దీ మనిషి, పశువు, ఆటో, బైకు అని చీలతాయి. ఏ పేరుకూ ఒదగని బండి కనిపిస్తే దాన్ని వాహనమే కానీ ఏ రకమో తెలియదు అనే గడిలో వేస్తారు. ట్రాక్టర్ తొట్టి వెనక గడ్డి మోపు, దాని మీద ముగ్గురు మనుషులు ఉన్న బండికి పేరేమిటి? పేరు దొరకలేదని అది లేనట్టు వదిలేయకుండా, తెలిసినంత మేర చెప్పడం. హైదరాబాదు చుట్టుపక్కల ఇలాంటి పని ఇంకా జరుగుతోంది. నగరం వెలుపల ఐఐటీ హైదరాబాదులో తిహాన్ అనే కేంద్రం మనిషి లేకుండా నడిచే వాహనాల కోసం 2022 జూలైలో పరీక్షా మైదానాన్ని తెరిచింది. తెలంగాణ ఆర్టీసీ బస్సులకు ముందు కెమెరా హెచ్చరికలు బిగించి, ఎక్కడెక్కడ ప్రమాదం తప్పిందో పటం గీసే ఐరాస్తే ప్రాజెక్టూ ట్రిపుల్ ఐటీ భాగస్వామ్యంతోనే నడిచింది. ప్రమాదం జరిగాక ఆ చోటుకు బ్లాక్ స్పాట్ అని గుర్తు పెట్టడం కాకుండా జరగబోయే చోటును ముందే గుర్తించడం దాని ఆశయం.

ఇప్పుడు ఈ వ్యాసానికి గుండెకాయ లాంటి సంఘటన. 2018 మార్చి 18 రాత్రి, అరిజోనాలోని టెంపీలో, ఊబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొట్టింది. ఆమె సైకిల్‌ను చేత్తో నెట్టుకుంటూ నడుస్తోంది. డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషి రోడ్డును చూడటం లేదు. ఇవి అందరికీ తెలిసినవే. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2019 నవంబర్‌లో బయటపెట్టిన వివరాలు మాత్రం ఒకటికి రెండుసార్లు చదవాలి. ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే రాడార్ ఆమెను పట్టుకుంది. అంటే సెన్సర్లు చూశాయి. ఆగడానికి చాలినంత సమయం ఉంది. ఆ వ్యవస్థ ఆమెను మొదట వాహనమంది. తరవాత ఇతరం అంది. మళ్ళీ వాహనం, మళ్ళీ ఇతరం, చివరలో సైకిల్. క్రాసింగ్ లేని చోట మనిషి రోడ్డు దాటుతాడన్న ఊహ ఆ ప్రోగ్రాములోనే లేదు. పేరు మారిన ప్రతిసారీ అంతకుముందు ఆమె ఎటు నడుస్తోందన్న చరిత్రను పక్కన పడేసి, ఆ క్షణమే కొత్తగా పుట్టిన వస్తువులా లెక్క మొదలుపెట్టింది. చరిత్ర లేని వస్తువుకు వేగం లేదు, దిశ లేదు. అందువల్ల ఆమె తన దారిలోకి వస్తోందని కారుకు సకాలంలో తెలియలేదు.

తాడా, పామా, తాడా అని పేర్లు మారుస్తూ, మార్చిన ప్రతిసారీ అది కదిలిన సంగతి మరచిపోవడం. సెన్సర్ లోపం కాదు, గణితం లోపం కాదు. కాల్మన్ దగ్గరా రీడ్ దగ్గరా ఉన్న జ్ఞానాన్ని పేరు అనే ఒక్క షరతుకు తాకట్టు పెట్టిన నిర్మాణ లోపం. ప్రమాదం తరవాత ఆ సంస్థ ఆ పద్ధతిని మార్చిందని అదే నివేదిక చెబుతుంది.

అయిదేళ్ళ తరవాత, 2023 అక్టోబర్ 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో క్రూజ్ సంస్థ డ్రైవర్‌లేని కారు విషయంలో ఇదే జబ్బు ఇంకో రూపంలో బయటపడింది. వేరే కారు ఢీకొట్టిన మహిళ దీని ముందుకు వచ్చి పడింది. ఇది ఆమెను గుద్ది ఆగింది. కానీ జరిగింది పక్కనుంచి తగిలిన దెబ్బ అనుకుని, రోడ్డు పక్కకు పోయి ఆగాలని కదిలి, ఆమెను సుమారు 20 అడుగులు ఈడ్చుకుపోయింది. నడిచే మనిషి నిలువుగా ఉంటుంది. కింద పడ్డ మనిషికి ఆ ఆకారం లేదు. ఆకారం పోయినంత మాత్రాన అక్కడ మనిషి లేదని అనుకోకూడదు.

మరి పేరుతో పనిలేకుండా నడవవచ్చా? ఆ దారి కూడా ఉంది, దాని మొదలు మనకు దగ్గరిదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, అందరికీ తెలిసిన రాజ్ రెడ్డి, 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు వ్యవస్థాపక డైరెక్టర్ అయ్యారు. ఆయన నడిపిన రోజుల్లోనే, 1985లో, అక్కడి హాన్స్ మొరావెక్, అల్బెర్టో ఎల్ఫెస్ రోబో చుట్టూ ఉన్న చోటును గళ్ళ నోటుపుస్తకంలా విడగొట్టారు. ఒక్కో గడిలో ఏదో ఉండే అవకాశం ఎంత అన్నదే రాస్తారు. ఏముందో రాయరు. ఉందా లేదా, అంతే. ఈ ఆక్యుపెన్సీ గ్రిడ్ నలభై ఏళ్ళు మూలన ఉండలేదు, వాడుతూనే ఉన్నారు. 2022లో టెస్లా తన ఆక్యుపెన్సీ నెట్‌వర్క్ గురించి చెప్పాక అందరి నోళ్ళలో పడింది. ఏ జాబితాలోనూ లేని వస్తువు, బోల్తాపడ్డ లారీ అయినా గడ్డిబండి అయినా, గడిని ఆక్రమించి ఉంటే చాలు, కారు దాని మీదికి పోదు.

ఇదొక్కటే చాలదన్నది కూడా చెప్పాలి. గడిలో ఉన్నది పోస్టుడబ్బానా, దాని పక్కనే బంతి కోసం చూస్తున్న పిల్లవాడా అన్నది కారు తెలుసుకోవాలి. రెండూ ఈ క్షణాన కదలడం లేదు, వచ్చే క్షణం మాత్రం వేరు. స్కూలు బస్సు స్టాప్ చెయ్యి చాపితే ఆగి తీరాలి, మామూలు బస్సుకు అక్కర్లేదు. మా డ్యూపేజ్ కౌంటీ అడవుల అంచున శరదృతువులో సాయంత్రాలు జింక నిలబడి ఉంటే, అది రోడ్డు మీదికి దూకే జీవి అని తెలియాలి. 2017లో వోల్వో సంస్థ ఆస్ట్రేలియాలో ఒక సంగతి ఒప్పుకుంది. పెద్ద జంతువులను గుర్తించే వ్యవస్థ కంగారూ దగ్గర తికమక పడుతోంది, ఎందుకంటే నేలను బట్టి దూరం లెక్కకడుతుంటే, కంగారూ గాల్లోకి ఎగిరినప్పుడు దూరంగా, దిగినప్పుడు దగ్గరగా కనిపిస్తోంది. పేరు తెలిస్తే నడక తెలుస్తుంది, నడక తెలిస్తే రాబోయేది తెలుస్తుంది. వర్గీకరణ విలువ అక్కడుంది. కాబట్టి నా తీర్పు ఇలా: ఉనికికీ కదలికకూ సంబంధించిన జ్ఞాపకం అడుగున గట్టిగా ఉండాలి, ఏ పేరు మార్పూ దాన్ని తుడవకూడదు. పేరు దాని మీద అంచెలంచెలుగా, ఎంత నమ్మకమో అంతవరకే, నిలవాలి. హైదరాబాదు డేటాసెట్ అంచెలూ, రీడ్ ఊహలూ, మొరావెక్ గళ్ళూ కలిస్తే వచ్చే నిర్మాణం అదే. కొత్త వ్యవస్థలు చాలావరకు ఈ దిక్కుకే నడుస్తున్నాయి. కానీ నడిపే విధానాన్నంతటినీ ఒకే పెద్ద నెట్‌వర్కులో కలిపేసే మోజు కూడా పెరుగుతోంది. అందులో జ్ఞాపకం ఎక్కడుందో, ఎప్పుడు చెరిగిందో బయటివాళ్ళు చూడలేరు. టెంపీలో విచారణాధికారులు సెకను సెకనుకూ పేరు ఎలా మారిందో చెప్పగలిగారంటే, ఆ లోపలి మెట్లు రాసి ఉన్నాయి కాబట్టే. ఆ వీలును పోగొట్టుకోకూడదు.

ఇక మనం కొనే మామూలు కార్ల సంగతి. పాదచారిని చూసి తనంతట బ్రేకు వేసే వ్యవస్థ ఉన్న కార్లు పాదచారులను ఢీకొనడం 27 శాతం తక్కువని అమెరికా బీమా కంపెనీల రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2022లో లెక్క చెప్పింది. మంచి మాటే. వీధిదీపాలు లేని చీకట్లో మాత్రం తేడా ఏమీ కనిపించలేదని అదే అధ్యయనం చెప్పింది. 2025 జనవరిలో అదే సంస్థ మరో పరీక్ష ఫలితం ప్రకటించింది. మెరిసే పట్టీల దుస్తులు తొడిగిన బొమ్మను రాత్రిపూట రోడ్డు మీద పెడితే, పరీక్షించిన మూడు కార్లలో రెండు సరిగా ఆగలేకపోయాయి. మనిషి కళ్ళకు బాగా కనిపించాలని తొడుక్కున్న పట్టీయే యంత్రానికి మనిషి ఆకారాన్ని చెరిపేస్తోంది. 2024 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చేసిన నియమం ప్రకారం 2029 సెప్టెంబర్ నాటికి ఇక్కడ అమ్మే కొత్త ప్యాసింజర్ కార్లన్నీ పగలూ రాత్రీ కూడా పాదచారిని గుర్తించి ఆగగలగాలి. పాత కార్లు ఆ తరవాత కూడా చాలా ఏళ్ళు రోడ్ల మీదే ఉంటాయి.

మన ఇళ్ళకు వేసవిలో వచ్చి చలికాలం దాకా ఉండిపోయే అమ్మానాన్నలు భోజనమయ్యాక నడకకు వెళతారు. నవంబర్‌లో అయిదింటికే చీకటి. ముదురు రంగు కోటు, తలకు మఫ్లర్, పక్కపక్కన ఇద్దరు. కొత్త కార్లు మనుషుల్ని చూసి వాటంతట అవే ఆగుతాయని మనమే వాళ్ళకు గొప్పగా చెప్పి ఉంటాం. ఆ మాట ఇవాళే వెనక్కి తీసుకోండి. సైడ్‌వాక్ దిగవద్దనీ, చేతిలో టార్చి వెలిగించుకోమనీ, వచ్చే కారు పూర్తిగా ఆగిందని తమ కళ్ళతో చూశాకే రోడ్డు దాటమనీ చెప్పండి.